తాళము వేసిన యింటిని దూరమునుండి కనిపెట్టుట

పల్లెలోని పెద్దల నాటి పెంకుటింటికి తాళము వేసి హైదరాబాదులోనో డల్లాసులోనో కాపురముండువారును, చేపల చెఱువు గట్టుననున్న మోటారు షెడ్డును రాత్రివేళ కనిపెట్టి యుండవలసిన రైతులును, కేబుల్ ఇంటర్నెట్టు చేరని ఆ చోటులందు సిమ్ము వేసిన 4జి రౌటరునొకటి యమర్చి, దానికి కెమెరాను జతపఱచి, వాకిలిని తమ ఫోనులో చూచుకొనగోరుట మిక్కిలి సహజము. ఇంటిలోనున్నంతసేపు వైఫైపై బొమ్మ స్వచ్ఛముగా కనిపించును; బస్సెక్కి ఊరు దాటినపిమ్మట తెరపై చక్రము తిరుగుచుండునే గాని వాకిలి కానరాదు. అంతట కెమెరాను, సిగ్నలును నిందించుట పరిపాటి. కాని పెక్కు సందర్భములందు దోషము ఆ రెంటిలో దేనియందును లేదు.

ఇంటర్నెట్టులో ఒకరినొకరు చేరుటకు చిరునామాలు కావలెను. 1981లో స్థిరపడి నేటికిని విరివిగా వాడుకలోనున్న ఐపీవీ4 పద్ధతిలో ఇట్టి చిరునామాలు సుమారు 429 కోట్లు మాత్రమే కలవు. 2011 ఫిబ్రవరిలో ప్రపంచ భాండారమున మిగిలిన కడపటి కట్టలు సైతము ప్రాంతీయ సంస్థలకు పంపిణీ యైపోయినవి. అందుచేత మొబైలు కంపెనీలు ఒక్క బహిరంగ చిరునామాను అనేకులైన చందాదారులకు ఉమ్మడిగా నిచ్చుచున్నవి. వీథివైపు ఒకే డోరు నెంబరుండి, లోపలి ఫ్లాట్ల అంకెలు కాపలాదారునికి మాత్రమే తెలిసిన పెద్ద అపార్టుమెంటువంటిదీ యేర్పాటు: లోపలివారు పంపిన జాబునకు బదులు వచ్చి చేరును గాని, పిలువని యతిథికి ఫ్లాటు దొరకదు. రౌటరు సెట్టింగుల పుటను తెఱచి, వాన్ ఐపీ యనుచోట 100.64 మొదలు 100.127 వఱకు గల అంకెలతోనో, 10తోనో మొదలగు చిరునామా కనిపించినచో, మీ రౌటరు ఇట్టి యుమ్మడి వెనుకనున్నదని గ్రహింపవచ్చును. అట్టిచోట కెమెరా బిగించువారు చెప్పు పోర్టు ఫార్వార్డింగు, అనగా వెలుపలి పిలుపును రౌటరు నేరుగా కెమెరాకు మళ్లించుట, ఫలింపదు. ఏలయన వెలుపలి తలుపు మీ రౌటరు చేతిలో లేదు, కంపెనీ చేతిలోనున్నది.

ఆ తలుపు మూసియుండుట ఒక విధముగా మేలనియే నేను దృఢముగా నమ్ముచున్నాను. 2016లో మిరాయి యను దుష్ట ప్రోగ్రాము, కర్మాగారమునందు పెట్టిన పాస్‌వర్డులనే మార్పక వీథికి తెఱచి యుంచిన కెమెరాలను, డీవీఆర్‌లను లక్షల సంఖ్యలో వశపఱచుకొనెను. ఆ యేడు అక్టోబరు 21న అట్టి యంత్రముల తాకిడికి వెబ్‌సైట్ల పేర్లకు చిరునామాలు చూపు డైన్ అను సంస్థ సర్వర్లు స్తంభించి, ట్విట్టరు, నెట్‌ఫ్లిక్సువంటివి సైతము ఎందఱికో అందకపోయెను. ఇంటి రక్షణకై తెచ్చుకొన్న పరికరమే పరుల చేతి యాయుధమగుటకంటె విషాదమేమున్నది?

కావున వెలుపలివారు లోనికి వచ్చుట కాక, లోపలి యంత్రమే వెలుపలికి పలుకరించుట తగిన మార్గము. క్యూఆర్ కోడు స్కాను చేయగానే పనిచేయు కెమెరాలు పెక్కు ఇట్టివే: కెమెరా తయారీదారుని సర్వరును తానే పిలిచి సంబంధము నిలుపుకొనును, మీ ఫోను అక్కడనే దానిని కలిసికొనును. సౌకర్యమున దీనికి సాటి లేదు. కాని నడుమనున్న యా సర్వరును మీరు నమ్మవలసియుండును. పడకగది, వృద్ధులైన తలిదండ్రుల వసారా కనిపించు కెమెరాల విషయమున నేనంత తేలికగా నమ్మలేను. పైగా అక్కడ కెమెరా పెట్టుటకు ముందు ఆ పెద్దల సమ్మతి నడుగుట మన కనీస ధర్మము. ఓపికగలవారు వైర్‌గార్డు అను సొరంగమును ఆశ్రయింపవచ్చును. పల్లెలోని రౌటరు, బహిరంగ చిరునామాగల మీ నగర గృహపు ఫైబరు రౌటరునో, అద్దె సర్వరునో తానే పిలుచును; మీ ఫోను అచ్చటినుండియే కెమెరాను చేరును. మాట లేక యూరకున్నచో కంపెనీ యంత్రము ఆ సంబంధమును మఱచిపోవును గనుక, 25 సెకండ్ల కొకమాఱు చిన్న పలకరింపు పంపునట్లు దానిని అమర్చుదురు.

డేటా లెక్క వేఱొకటి గలదు. సెకండునకు ఒక మెగాబిట్టు చొప్పున ప్రవహించు దృశ్యము గంటకు 450 ఎంబీని, దినమెల్ల నడచినచో దాదాపు 11 జీబీని హరించును. దినమునకు 2 జీబీల ప్యాకు నాలుగున్నర గంటలైనను నిలువదు. కావున రికార్డింగును కెమెరాలోని మెమరీ కార్డుపైననే యుంచి, అవసరమైనపుడు మాత్రమే, తక్కువ స్పష్టతగల సబ్ స్ట్రీములో చూచుట మేలు.

ఊరు విడుచుటకు ముందు ఫోనులో వైఫైని ఆపి మొబైలు డేటాపైననే కెమెరాను తెఱచి చూడవలెను. పిమ్మట రౌటరు ప్లగ్గును తీసి మరల పెట్టి, ఎవరును తాకకయే బొమ్మ తిరిగి వచ్చువఱకు అచ్చటనే యుండవలెను. కరెంటు పోయి వచ్చిన రాత్రి రౌటరును తాకి సరిచేయుటకు తాళము వేసిన యింట ఎవ్వరును ఉండరు.