పండగ ఉత్తరంలో కనబడని యుద్ధం

యుద్ధభూమి నుంచి సైనికుడు రాసే ఉత్తరంలో యుద్ధం కన్నా ఇల్లే ఎక్కువ కనిపిస్తుంది. సొంతూరు వదిలి రైల్వే కొలువులకు వచ్చి ఖరగ్‌పూర్‌లో స్థిరపడ్డ తెలుగువాళ్లకు, సుభాష్‌పల్లి లాంటి పేటల వాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. పండక్కి రాలేనివాడి ఉత్తరమంటే, పంక్తిలో తన పీట తీసేయొద్దని అడగడమే.

ఇలాంటి ఉత్తరాలు చరిత్రకు పనికిరావని, నిజం దాస్తాయని కొందరంటారు. దాచడం నిజమే. మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్స్‌కు వెళ్లిన భారతీయ సిపాయిల ఉత్తరాలను సెన్సారు చదివేది. చదువు రానివాళ్లు పక్కవాడిచేత రాయించుకునేవారు కాబట్టి మనసులో మాట అక్కడే సగం ఆగిపోయేది. అయినా కొందరు మనవాళ్లను నల్ల మిరియాలనీ తెల్ల సైనికులను ఎర్ర మిరపకాయలనీ రాసి, సరుకు తరిగిపోతోందన్నారు. వంటింటి కబురులో చావుల లెక్క! దాచిన తీరే ఇక్కడ సాక్ష్యం. పండక్కి ఇంటి రుచి వాళ్ల దగ్గరికీ వెళ్లింది: 1914 క్రిస్మస్‌కు బ్రిటన్ రాకుమారి మేరీ పేరిట సిక్కు సైనికులకు పటికబెల్లం, మసాలా డబ్బా అందాయి. ఆ రుచి విలువ కానుక పంపినవాళ్లకూ తెలుసు.

అందరూ దాచారనీ అనలేం. హైదరాబాద్ వాసి మేజర్ పద్మపాణి ఆచార్య 1999 జూన్ 19న, తన పుట్టినరోజుకు రెండు రోజుల ముందు, కార్గిల్ నుంచి తండ్రికి రాసిన ఉత్తరంలో ప్రమాదాన్ని దాచలేదు. అయినా అందులో గుర్తుండిపోయేది ఇంటి పనే: గర్భవతి అయిన భార్యకు రోజుకో మహాభారత కథ చెప్పమన్నాడు. జూన్ 28న ఆయన నేలకొరిగాడు. బిడ్డ అప్పటికింకా పుట్టలేదు.