కొబ్బరిచెట్టు క్రింద కెమెరా

బందరునుండి నర్సాపురమునకు పోవు తీరపు రహదారిలో కృత్తివెన్ను అను గ్రామము కలదు. వరిచేలు, చేపల చెరువులు, గట్లమీద కొబ్బరిచెట్లు. దాపున కొల్లేటి నీటిని కొనిపోవు ఉప్పుటేరు, ఆవల సముద్రము. కెమెరా చేతబట్టి వచ్చిన క్రొత్తవాడు సాయంకాలపు ఎఱ్ఱని ఆకాశముమీద నల్లని కొబ్బరిచెట్టు నొకదానిని తీసికొని పోవును. బొమ్మ అందముగానే యుండును. కాని అట్టిది కేరళలోను తీయవచ్చును, సింహళములోను తీయవచ్చును. అందులో కృత్తివెన్ను ఎక్కడ?

చెట్టు నల్లబడుటకు కారణము మొదట తెలిసికొందము. వెలుగుచున్న ఆకాశమును, చెట్టునీడలో కూర్చున్న మనుష్యుని ముఖమును మన కన్ను ఒక్కమారే చూడగలదు. కెమెరాకు అంత నేర్పు లేదు. ఆకాశమునకు తగిన వెలుతురును మాత్రమే లోనికి రానిచ్చినచో ముఖము మసివలె నగును. ముఖమునకు తగినంత రానిచ్చినచో ఆకాశము సున్నపుగోడవలె తెల్లబారును. నేటి సెల్‌ఫోనులు ఈ లోపమును కొంత సవరించును గాని పూర్తిగా కాదు. అందుచేత ఉదయమున, సూర్యుడు ప్రక్కగా నుండగా తీయుట మంచిది. అప్పుడు మ్రానుమీది గాట్లుకూడ స్పష్టముగా కనబడును. అవి రాలిన మట్టల మచ్చలు. కొబ్బరిచెట్టు ఏడాదికి ఇంచుమించు 12 మట్టలు వేయును గనుక, ఆ మచ్చలనుబట్టి దాని వయస్సును ఉజ్జాయింపుగా చెప్పవచ్చును. దింపువాడు కాళ్ళకు తాడు బిగించుకొనుచు మొదట నిలిచియుండగా తీసినచో, చెట్టు ఎత్తు ఎంతయో వేరుగా చెప్పనక్కరలేదు.

పూర్వము ఈ పని ఇంత సులభము కాదు. ఛాయాగ్రహణ పద్ధతి 1839లో లోకమునకు వెల్లడియైనది. 1856లో మద్రాసు ప్రభుత్వము లినేయస్ ట్రైప్ అను సైనికోద్యోగిని తన ఛాయాగ్రాహకునిగా నియమించెను. ఆయన తీసినవి ఎక్కువగా దేవాలయములు, కోటలు. మైనపు కాగితముపై బొమ్మ పడుటకు చాలసేపు పట్టెడిది. రాయి కదలదు గదా! గాలికి ఊగిన ఆకులు అలుకుకొనిపోగా, ఆయన వానిని కుంచెతో దిద్దెడివాడు. చెట్టే నిలువనప్పుడు వల విసరు జాలరి యెట్లు నిలుచును?

నేడు ఆ చిక్కు లేదు, మరియొకటి కలదు. ఈ తీరమున వల బాగుచేసికొనుచున్న ఒక వృద్ధుని సమీపించి, “తాతా, బొమ్మ తీసుకోనా?” అని అడిగితిని. “ఉండు బాబూ, చొక్కా తొడుక్కొస్తా” అని లోనికి పోయి, తెల్లచొక్కాతో వచ్చి, చేతులు చాచి సిపాయివలె నిలిచెను. వల నేలపై పడియున్నది. అట్లే తీసితిని, తన రూపము ఎట్లుండవలెనో కోరుకొను హక్కు ఆయనది. గంటసేపు మాటలాడిన పిమ్మట ఆయన చొక్కా విడిచి, కాలి బొటనవ్రేలికి వల తగిలించి బిగలాగి, మరల పనిలో మునిగెను. ఆయన అనుమతితోనే తీసిన ఆ రెండవ బొమ్మలో మనుష్యుడును కలడు, ఊరును కలదు.

ఈ ప్రాంతమున ఇట్టి బొమ్మల విలువ వేరు. 1864 నవంబరు 1న బందరు ఉప్పెనలో సుమారు 30 వేలమంది మరణించిరి. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన పదివేలమందికి పైగా పొట్టబెట్టుకొన్నది. కూలిన గోడలతోపాటు వానిమీది పటములును పోయినవి. అట్లు సర్వమును కోల్పోయిన యింటివారికి పెండ్లిపటము ఒక్కటియే లోటు కాదు. తమ వాకిలి ఎట్లుండెడిదో, పశువులపాక ఏ ప్రక్కనుండెడిదో, దొడ్డిలోని కొబ్బరిచెట్టు ఎంతటిదో పిల్లలకు చూపుటకు ఆనవాలు మిగులలేదు.

కావున మీరు తీసిన బొమ్మను సెల్‌ఫోనులోనే ఉంచక, కాగితముపై అచ్చు వేయింపుడు. ఒక ప్రతిని బొమ్మలోనివారికి ఇండు. రెండవదాని వెనుక తేదీ, ఊరు, వారు చేయుచున్న పని పెన్సిలుతో వ్రాసి మీయొద్ద నుంచుకొనుడు. మూడవదానిని సముద్రమునకు దూరముగానున్న బంధువుల యింట దాచుడు.