కారు కింద చుక్క లేదు... మరి నీళ్లెక్కడికి పోతున్నట్టు?

వంటింట్లో నూనె డబ్బా వారానికి రెండు గరిటెలు ఎక్కువ ఖర్చయితే మనకు ఇట్టే తెలిసిపోతుంది. అదే కారు బానెట్ కింద డబ్బాలో కూలెంట్ తగ్గుతుంటే నెలల తరబడి పట్టదు. నాకూ పట్టలేదు. పట్టేసరికి లక్షన్నర ఖర్చు గుమ్మం ముందు నిలబడింది.

మాది తెనాలి. అమ్మకు వారానికి మూడు రోజులు గుంటూరులో డయాలసిస్. పోను పాతిక, రాను పాతిక కిలోమీటర్లు. ఆయనది వేరే ఊళ్లో ఉద్యోగం కాబట్టి స్టీరింగు నా చేతికే వచ్చింది. పెట్రోలు కలిసొస్తుందని 2023లో ఒక హైబ్రిడ్ కారు సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాం. అందులో పెట్రోలు ఇంజనూ ఉంటుంది, కరెంటు మోటారూ ఉంటుంది. నెమ్మదిగా పోయేటప్పుడు మోటారు లాగుతుంది, వేగం పెరిగితే ఇంజను అందుకుంటుంది. ఇలాంటి కార్లను పెద్ద ఎత్తున తయారు చేయడం జపాన్‌లో 1997లో టొయోటా ప్రియస్‌తో మొదలైంది. మన రోడ్ల మీద మాత్రం ఇప్పుడిప్పుడే ఎక్కువగా కనిపిస్తున్నాయి.

ఒకరోజు అద్దాలు తుడిచే నీళ్లు పోద్దామని బానెట్ ఎత్తాను. పక్కనే ఉన్న కూలెంట్ డబ్బాలో గులాబీ రంగు నీళ్లు కింది గీతకు దిగిపోయి ఉన్నాయి. సర్వీసింగ్ సెంటరుకు తీసుకెళితే ఆ అబ్బాయి పై గీత దాకా నింపి, "ఎండలకు ఆవిరైపోతుంది మేడమ్, మామూలే" అన్నాడు. నమ్మాను. నెల తిరక్కుండా మళ్లీ అదే వరస. మళ్లీ నింపాడు, మళ్లీ అదే మాట.

ఆ మాట సరికాదని నాకు తర్వాత తెలిసింది. కూలెంట్ తిరిగే దారి అంతా బిగించిన దారి. ప్రెజర్ కుక్కర్ లాగా మూత వేసి ఉంటుంది. ఇంజను వేడెక్కినప్పుడు ఉబ్బిన నీరు డబ్బాలోకి వస్తుంది, చల్లారాక వెనక్కి పోతుంది. అందుకే వేడిగా ఉన్నప్పుడొక మట్టం, చల్లగా ఉన్నప్పుడొక మట్టం కనిపిస్తాయి. కానీ రోజూ పొద్దున్నే చల్లటి ఇంజను మీద చూస్తే మట్టం ఇంచుమించు ఒక్కచోటే ఉండాలి. నెల నెలా నింపాల్సి వస్తోందంటే ఎక్కడో పోతున్నట్టే.

సరే, కనిపెడదాం అనుకున్నాను. డబ్బా మీద తెల్ల టేపు అంటించి, ప్రతి ఆదివారం పొద్దున కారు కదలకముందే ఒక గీత, పక్కన తేదీ. ఇక్కడే నేనో తెలివితక్కువ పని చేశాను. మా కారులో డబ్బాలు రెండున్నాయి. ఒకటి ఇంజనుది. రెండోది ఇన్వర్టరుది. అంటే, బ్యాటరీ కరెంటును మోటారుకు పనికొచ్చేలా మార్చే పెట్టె. అదీ వేడెక్కుతుంది, దాన్ని చల్లబరచడానికి వేరే దారి ఉంటుంది. నేను రెండు వారాలు ఇన్వర్టరు డబ్బాకు గీతలు గీశాను! నీళ్లు కదల్లేదు, నా గుండె కుదుటపడింది. ఓసారి ఇంటికొచ్చిన మా తమ్ముడు చూసి పడీపడీ నవ్వాడు. అయినా ఆ రెండు వారాలూ పూర్తిగా వృథా కాలేదు. ఇన్వర్టరు వైపు లీకు లేదని తేలింది.

ఇంజను డబ్బాకు టేపు మార్చాక అసలు సంగతి బయటపడింది. వారానికి దాదాపు వేలెడు మందం పోతోంది. రాత్రిళ్లు కారు కింద పాత కార్డుబోర్డు పరిచాను. చుక్క పడితే ఒట్టు! పగలు ఏసీ వేసినప్పుడు మాత్రం నీళ్లు కారేవి. వేలితో తాకితే రంగు లేదు, జిగురు లేదు, వట్టి నీళ్లే. కూలెంట్ అయితే జారుడుగా ఉంటుంది, ఆరాక రంగు పొక్కులా మిగులుతుంది. ముందు సీటు కింద మ్యాటు తడిగా ఉందేమోనని చూశాను. లోపల హీటరు దగ్గర లీకైతే అక్కడ తడుస్తుందట, ముందద్దానికి మసక పడుతుందట. అదీ లేదు.

నాకు భయం వేసింది అప్పుడే. మా కారులో వేడి చూపించే ముల్లు లేదు. చల్లగా ఉంటే నీలం దీపం, మరిగిపోతే ఎర్ర దీపం, అంతే. ఎర్ర దీపం వెలిగేసరికి ఇంజనుకు జరగాల్సింది జరిగిపోయి ఉండొచ్చు. డయాలసిస్ అయి నీరసంగా వెనకసీట్లో పడుకున్న అమ్మతో, రాత్రి ఎనిమిదింటికి, ఊరికీ ఊరికీ మధ్య బండి ఆగిపోతే?

మళ్లీ సర్వీసింగ్ సెంటరు. ఈసారి టేపు చూపించాను. రేడియేటరుకు చేతిపంపు తగిలించి గాలి కొట్టి, పది నిమిషాలు ముల్లు చూశారు. కదల్లేదు. "బయట లీకు లేదంటే లోపలే మేడమ్. హెడ్ గాస్కెట్ పోయినట్టుంది. ఇంజను దించాలి. లక్షన్నర దాకా అవుతుంది, మూడు వారాలు బండి ఇక్కడే ఉండాలి" అన్నారు. మూడు వారాలంటే తొమ్మిది డయాలసిస్‌లు.

చెప్పొద్దూ, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. హెడ్ గాస్కెట్ పోతే ఏమేం కనిపిస్తాయో మా తమ్ముడు చెప్పాడు. రాత్రంతా కూలెంట్ ఇంజను లోపలికి ఊరి, పొద్దున స్టార్టు కాగానే బండి గడగడా వణుకుతుంది. పొగ గొట్టం నుంచి తీపి వాసనతో తెల్లపొగ వస్తుంది. మా బండికి ఈ రెండూ లేవు. మరి లక్షన్నర ఎందుకివ్వాలి?

విజయవాడ ఆటోనగర్‌లో హైబ్రిడ్ బండ్లు చూసే పెద్దాయన ఉన్నాడని తెలిసి, శనివారం డయాలసిస్ అయి అమ్మను ఇంట్లో దించాక తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వెళ్లాను. టేపు మీది తేదీలు చూసి, "ఎవరు రాశారమ్మా ఇవి?" అన్నాడు. "నేనే బాబాయ్ గారూ" అన్నాను. ఇంకేం మాట్లాడకుండా పనిలోకి దిగాడు.

ముందు గాస్కెట్ సంగతే తేల్చాడు. ఒక గాజు గొట్టంలో నీలం మందు పోసి రేడియేటరు మూతి మీద పెట్టాడు. ఇంజనులో మండిన పొగ కూలెంట్‌లోకి చేరుతుంటే ఆ మందు పసుప్పచ్చగా మారుతుంది. చిక్కేమిటంటే, హైబ్రిడ్‌లో ఇంజను దానంతటదే ఆగిపోతుంటుంది. ఆగకుండా తిరగాలంటే పెడలూ గేరూ ఒక వరసలో నొక్కి ప్రత్యేక పద్ధతిలో పెట్టాలి. ఆయనకు ఆ కిటుకు తెలుసు. మందు నీలంగానే ఉంది. ప్లగ్గులు తీసి సన్నని కెమెరా లోపలికి దింపి చూపించాడు. పొడిగా ఉంది.

"మరి పది నిమిషాలు ముల్లు కదల్లేదన్నారే?" అన్నాను.

"వారానికి వేలెడు పోయే లీకమ్మా ఇది. పది నిమిషాల్లో ఏం కనపడుద్ది? రాత్రంతా ఉంచాల."

సాయంత్రానికి ఇంజను పూర్తిగా చల్లారాక గాలి పదిహేను పౌండ్లకు ఎక్కించి వదిలేశాడు. ఆదివారం పొద్దున వెళ్లేసరికి ముల్లు పదకొండు దగ్గరుంది. ఇంజను కిందుండే ప్లాస్టిక్ పళ్లెం విప్పి టార్చి వేశాడు. రేడియేటరు పక్కన, ప్లాస్టిక్ తొట్టి అల్యూమినియానికి అతుక్కునే చోట, ఫ్యాను చాటున, గులాబీ రంగు పొక్కు కట్టి ఉంది. దాని కింద సన్నటి తడి. అక్కడ ఊరిన కాస్తా ఇంజను వేడికి ఆరిపోయేది, మిగిలిందేమన్నా ఉంటే ఆ పళ్లెంలోనే ఉండిపోయేది. ఇక కార్డుబోర్డు మీద చుక్కెలా పడుతుంది!

కొత్త రేడియేటరు, కూలెంట్, మజూరీ కలిపి పద్నాలుగు వేలలోపే అయింది. సోమవారం సాయంత్రానికి బండి ఇచ్చాడు. పైపుల్లో గాలి మిగిలితే మట్టం మళ్లీ దిగినట్టు కనిపిస్తుందని, మొదటి వారం రోజూ చూడమన్నాడు. తగ్గితే బోరు నీళ్లు పోయొద్దు, ఉప్పు పేరుకుంటుంది, అదే రకం కూలెంటే పోయాలన్నాడు.

ఆయన గట్టిగా చెప్పిన సంగతులు ఇంకో మూడున్నాయి. ఇంజను వేడి మీద రేడియేటరు మూత తిప్పకూడదు, మరిగే నీళ్లు మొహాన చిమ్ముతాయి. హైబ్రిడ్ నిశ్శబ్దంగా ఉందని ఆగిందనుకోవద్దు, 'రెడీ' దీపం వెలుగుతుంటే ఇంజను ఏ క్షణాన్నయినా తిరగొచ్చు. అందుకే ఆ దీపం ఆరాకే బానెట్ కింద చెయ్యి పెట్టాలి. నారింజ రంగు వైర్ల జోలికి అసలు పోకూడదు. నావైపు నుంచి ఇంకొకటి. కూలెంట్ తియ్యగా ఉంటుంది, కానీ విషం. నేను మిగిలిన డబ్బాను పిల్లలకూ పెంపుడు కుక్కకూ అందకుండా అటకెక్కించాను.

మంగళవారం యథాప్రకారం గుంటూరు బయల్దేరాం. సీటు బెల్టు పెట్టుకుంటూ అమ్మ, "అమ్మాయ్, ఆ డబ్బా చూశావా?" అని అడిగింది. చూశాను. గీత మీదే ఉంది.