మీకు తెలుసా? ఇంటిల్లిపాది పేర్లూ చెక్కించిన శిల్పి

జగ్గయ్యపేట ధనబోడు గుట్ట మీది బౌద్ధస్తూపానికి తూర్పు ద్వారం దగ్గర ఐదు ఆయక స్తంభాలు (స్తూపం ముందరి అరుగు మీద నిలిపేవి) నిలబెట్టింది రాజు కాదు, సిద్ధార్థుడనే శిల్పి!

ఇది క్రీ.శ. 3వ శతాబ్దపు సంగతి. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడు గద్దెనెక్కి అది 20వ ఏడు. ప్రాకృత శాసనంలో రాజు పేరు కాలం చెప్పడానికే వచ్చింది, దాత మాత్రం పనివాడే. తండ్రీ శిల్పేనని చెప్పుకున్నాడు. తల్లి నాగిలని, భార్య సముదని, కొడుకు మూలసిరి, ఒక కూతురు, తమ్ముడి కుటుంబం, ఇలా ఇంటిల్లిపాదినీ ఆ పుణ్యంలో కలిపి, సర్వప్రాణుల హితం కోరాడు. ఆనాటి మామూలు ఇంటి ఆడవాళ్లను, పసిపిల్లలను పేరుపేరునా తెలుసుకోగలగడం ఎంత అరుదు! పైగా ఒకే శాసనాన్ని మూడు స్తంభాల మీద చెక్కారు. అక్షరాల నిలువు గీతలు తీగల్లా సాగి ఉంటాయి, ఒక్కో అక్షరం దగ్గరా ఆగి చూడాల్సిందే.

1882లో జేమ్స్ బర్జెస్ ఇక్కడ తవ్వించాడు. ఆ స్తంభాల కంటే పాతదైన, ఈ స్తూపానికే చెందిన చక్రవర్తి శిల్పఫలకం ఇప్పుడు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది.

వానలు వెనకబట్టాక, కృష్ణ నిండుగా ఉన్నప్పుడు నందిగామ మీదుగా వేదాద్రికో ముక్త్యాలకో బయల్దేరేవాళ్లు చాలామంది జగ్గయ్యపేటలో ఆగకుండానే సాగిపోతారు. దారిలో ఒక గంట ధనబోడుకు కేటాయించండి.