అప్పుల బరువు – తోటివారి ఆసరా

అప్పు చేసి పప్పు కూడు తినువారిని గూర్చి మన పెద్దలు చెప్పిన సామెత తెలియని తెలుగువారుండరు. కాని అప్పులపాలైన ప్రతి కుటుంబమును ఆ సామెతతో కొలుచుట న్యాయము కాదు. పిల్లవాని కళాశాల రుసుము, తల్లికి జరిగిన శస్త్రచికిత్స, ఆడపిల్ల పెండ్లి, నెలల తరబడి ఆగిపోయిన జీతము, ఎండిపోయిన బోరుబావి – ఇవి కూడ మనుష్యులను అప్పులలోనికి త్రోయుచున్నవి. పడినవాడు ఎట్లు పడెనని విచారించుట కంటె, ఎట్లు లేచునని ఆలోచించుట మనకు ముఖ్యము. అట్లు లేచుటకు తోటి ఋణగ్రస్తులే ఒకరికొకరు ఎట్లు తోడ్పడగలరో, ఆ తోడ్పాటునకు ఉండవలసిన హద్దులేవో ఈ ప్రసంగములో మనవి చేసెదను.

ప్రతి అప్పును ప్రమాదకరము కాదు. రాబడి నుండి అసలును, వడ్డీని క్రమముగా తీర్చగలిగినంత కాలము అప్పు మన చెప్పుచేతలలోనే ఉండును. ఒక అప్పుపై వడ్డీ కట్టుటకు మరియొక అప్పు చేయవలసి వచ్చిన నాడు అది చేయి దాటినదని గుర్తింపవలెను. ఈ స్థితికి తెచ్చునది తరచుగా లెక్క తెలియకపోవుటయే. మన ఊళ్లలో “మూడు రూపాయల వడ్డీ” అని తేలికగా అందుము. నూటికి నెలకు మూడు రూపాయలనగా సంవత్సరమునకు ముప్పదియారు. బజారులోని చిన్న వర్తకునకు 10,000 రూపాయల అప్పని చెప్పి, 1,500 ముందుగనే పట్టుకొని, 8,500 చేతికిచ్చి, రోజుకు నూరు రూపాయల చొప్పున నూరు దినములు వసూలు చేయు పద్ధతి ఒకటి కలదు. పైకి చూచుటకు ఇది నూటికి పదునైదు రూపాయల ఖర్చువలె కనబడును. కాని అసలు దినదినము తగ్గుచున్నదని గమనించి లెక్క కట్టినచో, అది నెలకు నూటికి దాదాపు పది రూపాయల వడ్డీ అని తేలును.

లెక్క తెలియకపోవుటకు తోడు, మరియొక చిక్కు దాపరికము. భార్యకు తెలియని ప్రాంసరీ నోటు, భర్తకు తెలియని సంఘపు కంతు, తండ్రికి తెలియకుండ కుమారుడు ఫోనులో తీసికొన్న అప్పు – ఇవన్నియు ఒకే కప్పు క్రింద ఉండవచ్చును. ఎవరి అప్పు వారికే తెలియును గాని, ఇంటి మొత్తము అప్పెంతయో ఎవ్వరికిని తెలియదు. బయటివారితో చెప్పుకొనుటకు పరువు అడ్డము వచ్చును. ఇట్టి సమయమున “ఇంత అప్పు ఎందుకు చేసితివి?” అని అడుగనివాడు ఒక్కడే కనబడును. అతడు అదే అప్పులో తానును చిక్కుకొన్నవాడు.

ఈ సత్యము ఆధారముగా అమెరికాలో ఒక ప్రయత్నము జరిగినది. మద్యపానము మానదలచినవారు ఒకరికొకరు తోడ్పడుటకు 1935లో ఆల్కహాలిక్స్ అనానిమస్ అను సంఘము అచట ఏర్పడినది. అందులోని కొందరు 1968లో తమ డబ్బు చిక్కులను గూర్చి మాట్లాడుకొన సాగిరి. ఆ పద్ధతియే పెరిగి, 1976లో న్యూయార్కు నగరమున డెటర్స్ అనానిమస్, అనగా పేరు చెప్పనక్కరలేని ఋణగ్రస్తుల సంఘము, అను పేర సమావేశములు మొదలైనవి. ఈ సంఘము ఎవ్వరికిని డబ్బు ఇవ్వదు. ప్రతి సభ్యుడును దినమునకు వచ్చినదెంత, పోయినదెంత అని వ్రాసికొనును. కొంత అనుభవము గడించి, కనీసము తొంబది దినములు కొత్త అప్పు చేయకుండ గడిపిన ఇద్దరు సభ్యులు కొత్తవానితో కూర్చుండి, అతని లెక్కలు చూచి, ఖర్చుల ప్రణాళికను, బాకీల ప్రణాళికను తయారుచేయుటకు సాయపడుదురు. ఆ ప్రణాళికలో ఇంటి తిండికి, మందులకు ముందు చోటు ఉండును. ఆకలితో బాకీ తీర్చువాడు త్వరలోనే మరల అప్పునకు పోవునని వారి అనుభవము.

తోటివారి తోడు మన తెలుగుదేశమునకు కొత్త సంగతి కాదు. 1990 దశకమున నెల్లూరు జిల్లా సారా వ్యతిరేకోద్యమము వెనువెంట స్త్రీల పొదుపు సంఘములు ఊరూర వెలసినవి. పదిమంది, పదునైదుమంది స్త్రీలు ఒకచోట చేరి కొద్దికొద్దిగా కూడబెట్టి, ఆ డబ్బును తమలో తామే అప్పుగా ఇచ్చుకొనిరి. క్రమము తప్పని సమావేశము, క్రమము తప్పని పొదుపు, తమలో తాము అప్పిచ్చుకొనుట, సకాలమున తీర్చుట, పుస్తకములు సరిగా వ్రాయుట – ఈ అయిదును పంచసూత్రములని వారు పిలుచుకొందురు. సంఘము నుండి తక్కువ వడ్డీకి తీసికొని, వడ్డీ వర్తకుని బాకీ తీర్చివైచిన కుటుంబములు ఎన్నియో కలవు.

అయితే అదే తెలుగునాట తోటివారి తోడు తలక్రిందులైన చరిత్రయు కలదు. 2010 నాటికి కొన్ని సూక్ష్మఋణ సంస్థలు కొద్దిమంది స్త్రీలను ఒక జట్టుగా చేర్చి, ఒకరి అప్పునకు తక్కినవారిని పూచీగా ఉంచి, వారము వారము కంతులు వసూలు చేయుచుండెను. ఒకామె కంతు కట్టలేకపోయిన నాడు ఆ బరువు తక్కినవారిపై పడెను. నిన్నటి వరకు పిండి, ఉప్పు ఇచ్చిపుచ్చుకొన్న ఇరుగుపొరుగువారే ఆమె వాకిట కూర్చుండి బాకీ అడుగవలసి వచ్చెను. ఆత్మహత్యల వార్తలు వెలువడగా, 2010 అక్టోబరులో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చి, 2011లో దానిని చట్టముగా చేసినది.

ఈ రెండు అనుభవముల నడుమ ఉన్న భేదమును మనము బాగుగా గ్రహింపవలెను. రెండు చోట్లను ఉన్నవారు ఇరుగుపొరుగు స్త్రీలే, చేసినది వారపు సమావేశమే. ఒకచోట సాటి మనిషి లెక్క చూచుటకు కూర్చుండెను. మరియొకచోట ఆమె అప్పునకు పూచీపడి కూర్చుండెను. పూచీపడినవానికి ఎదుటివాని కష్టము కంటె తన భయమే ఎక్కువగా కనబడును. కావున అప్పులు తీర్చుకొనుటకు ఏర్పడు చిన్న బృందమునకు మొదటి కట్టుబాటు ఇది: ఒకరికొకరు డబ్బు అప్పు ఈయరాదు, ఒకరి నోటుపై మరియొకరు జామీను సంతకము చేయరాదు.

ఇట్టి బృందము కార్యాలయములోని సహోద్యోగులలోనో, ఒక వీధివారిలోనో నలుగురైదుగురితో ఏర్పడవచ్చును. వారమునకో, పక్షమునకో ఒక గంట చాలును. అక్కడ విన్న మాట బయట పలుకరాదు. తప్పు పట్టరాదు, నీతిబోధ చేయరాదు. ప్రతివారును మూడు పట్టికలు తేవలెను. మొదటిది రాబడి, రెండవది ఇంటి ఖర్చు, మూడవది బాకీల పట్టిక – ఎవరికి, ఎంత అసలు, ఎంత వడ్డీ, ఏ కాగితముపై అని వివరముగా.

ఒక ఉదాహరణ చూతము. నెలకు 32,000 రూపాయల రాబడి గల కుటుంబము ఒకటి ఉన్నదనుకొందము. ఇంటి ఖర్చు 19,000. మిగులు 13,000. బ్యాంకు కంతు 6,000. లక్ష రూపాయల నోటుపై మూడు రూపాయల వడ్డీ 3,000. క్రెడిట్ కార్డుపై కనీసపు చెల్లింపు 2,500. కుదువబెట్టిన నగపై 60,000 అప్పు, దాని వడ్డీ 600. ఇవన్నియు పోగా మిగులునది 900. ఒక జ్వరము వచ్చెనా, మరల చేబదులు తప్పదు. నోటు వడ్డీ నెలనెల కట్టుచున్నను, అసలు లక్ష లక్షగానే నిలిచియుండును.

ఆ నగ విలువ 90,000 అనుకొందము. ఇంటివారు దానిని విడిపించుకొందుమను ఆశతో వడ్డీ కట్టుచున్నారు. తోటివారు లెక్క వేసి చూపినప్పుడు, నగ అమ్మినచో కుదువ అప్పు తీరి, 30,000 నోటు అసలునకు జమ చేయవచ్చునని తెలియును. అప్పుడు నోటు బాకీ 70,000. బ్యాంకు కంతు, కార్డు చెల్లింపు పోగా మిగులు 4,500 రూపాయలును నెలనెల ఆ నోటునకే కట్టినచో, అది 22 నెలలలో పూర్తిగా తీరిపోవును. అంతకు ముందు తీరు దినమే లేని బాకీకి ఇప్పుడొక తేదీ ఏర్పడినది. నగ అమ్ముట ఏ ఇల్లాలికిని సులభము కాదు. అమ్మవలెనా వద్దా అని నిర్ణయించు హక్కు ఆ ఇంటివారిదే. బృందము చేయవలసినది లెక్కను ముందుంచుట, నిర్ణయము తరువాత తోడు నిలుచుట.

ఋణదాతతో మాట్లాడుటకు కూడ తోడు అవసరము. ఒంటరిగా పోయినవాడు బెదరి, నెరవేర్చలేని మాట ఇచ్చి వచ్చును. లెక్క కాగితము చేతబట్టుకొని ఒకరిని వెంటబెట్టుకొని పోయినవాడు, “నెలకు ఇంత కట్టగలను, అసలులో ఇంత తగ్గింపుడు” అని నిలకడగా చెప్పగలడు. బ్యాంకు అయినచో కంతు తగ్గించి గడువు పెంచుమని, కార్డు బాకీని తక్కువ వడ్డీ కంతులుగా మార్చుమని వ్రాతపూర్వకముగా అడుగవలెను.

కొన్ని జాగ్రత్తలను బృందములోని వారందరును ఎరిగియుండవలెను. నోటుపై కట్టిన ప్రతి పైకమునకును దాని వెనుక చెల్లు వ్రాయించి, తేదీ వేయించవలెను. బాకీ తీరిన దినమున నోటును తిరిగి తీసికొనవలెను. ఖాళీ నోటుపైనను, ఖాళీ చెక్కుపైనను సంతకము చేయరాదు. చెక్కు చెల్లకపోయినచో అది క్రిమినలు కేసు కాగలదు.

అంతియేగాని, బాకీ తీర్చలేకపోయినంత మాత్రమున జైలు రాదు. స్తోమత లేనివానిని కేవలము బాకీ కొరకు సివిలు జైలులో ఉంచరాదని, ఉన్న స్తోమతను దాచి దురుద్దేశముతో ఎగవేసినవాని సంగతి వేరని, 1980లో జాలీ జార్జి వర్గీస్ కేసులో సుప్రీము కోర్టు తీర్పు చెప్పినది. సివిలు ప్రొసీజరు కోడు 60వ సెక్షను ప్రకారము కట్టుబట్టలు, వంటపాత్రలు, పడకలు, చేతివృత్తివాని పనిముట్లు, మతాచారమును బట్టి స్త్రీ విడువరాని ఆభరణములు జప్తునకు లోను కావు.

వసూలు ఏజెంట్లు ఉదయము 8 గంటలకు ముందును, సాయంకాలము 7 గంటల తరువాతను ఋణగ్రస్తునకు ఫోను చేయరాదని రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులో తన అదుపులోని సంస్థలను ఆదేశించినది. ఫోను ద్వారా అప్పిచ్చువారు ఋణగ్రస్తుని ఫోనులోని పేర్ల పట్టికను తాకరాదని అదే సంవత్సరము సెప్టెంబరులో నియమము చేసినది. అతిక్రమణ జరిగినచో ముందుగా ఆ సంస్థకే ఫిర్యాదు వ్రాయవలెను. 30 దినములలో తృప్తికరమైన సమాధానము రానియెడల రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మనుకు రుసుము లేకుండ విన్నవించుకొనవచ్చును. వ్యాజ్యము వరకు పోయిన బాకీలను లోక్ అదాలతులో రాజీ చేసికొనవచ్చును. స్త్రీలకును, షెడ్యూల్డు కులముల, తెగల వారికిని ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయసహాయము లభించును.

ఇక బృందమునకు మించిన పని యొకటి కలదు. మాట తగ్గించి, తిండి మాని, “నేను లేకున్నచో ఇంటివారికి ఈ బాధ తీరును” అని పలుకు మనిషిని ఆ రాత్రి ఒంటరిగా విడువరాదు. ఆ మాటను మందలింపుతో త్రోసిపుచ్చరాదు. కుటుంబమునకు తెలియజేసి, వైద్యుని చూపవలెను. భారత ప్రభుత్వము 2022లో ప్రారంభించిన టెలిమానస్ సేవకు 14416 నంబరుపై ఏ వేళనైనను ఫోను చేసి, తెలుగులోనే మాట్లాడవచ్చును. బాకీలకు వాయిదా దొరకును, కొన్నిటికి రాజీయు దొరకును. పోయిన ప్రాణమునకు బదులు ఏ లెక్కలోను లేదు.

ఇంట రేడియో చుట్టు చేరి వినుచున్న గృహస్థులకును, గృహిణులకును నా మనవి యిది. మీ ఇంటిలో ఎవరైనను అప్పు మాట ఎత్తినప్పుడు మొదటి అరగంట కోపగింపక వినుడు. ఆ తరువాత ఒక నోటుపుస్తకము తెచ్చి, ఇంటిల్లిపాది బాకీలను ఒకే పుటపై వ్రాయుడు. నమ్మదగిన ఇద్దరు తోటివారిని పిలిచి ఆ పుట చూపుడు. మీ బాకీ తీరిన పిమ్మటను ఆ బృందమును విడువకుడు. కొత్తగా వచ్చి తలవంచుకొని కూర్చున్నవానికి, తీరిన నోటు చేతనున్నవాని మాట తగిలినట్లు వేరెవరి మాటయు తగులదు.