సముద్రం దాటిన సమన్లు

‘‘అక్కా, అమెరికా పోలీసులు ఆయన్ని పట్టుకొచ్చి మన కోర్టులో నిలబెడతారా?’’

2019లో కేసు పెట్టిన రోజు మా చెల్లి అడిగిన మాట ఇది. ‘‘ఎందుకు నిలబెట్టరే!’’ అన్నాను ధీమాగా. పదిహేనేళ్లుగా బళ్లో సోషల్ పాఠాలు చెబుతున్నదాన్నే గాని, ఒక దేశం కోర్టు కాగితం ఇంకో దేశానికి ఎలా వెళ్తుందో అప్పటికి నాకు ఓనమాలు తెలియవు.

చెల్లి న్యూజెర్సీలో కాపురం చేసింది పద్నాలుగు నెలలు. అక్కడ పడిన దెబ్బల సంగతి చాలాకాలం మాకు చెప్పనేలేదు. ‘మీ నాన్నకు ఒంట్లో బాగాలేదు కదా, చూసిరా’ అని టిక్కెట్ కొని పంపిన మా మరిది ఆ తర్వాత ఫోను ఎత్తడం మానేశాడు. అంతకుముందే వాళ్ల అమ్మానాన్నలు మా ఇంటికొచ్చి ఇంకో పది లక్షలు అడిగి వెళ్లారు. చివరిసారి మాట్లాడినప్పుడు అతనన్నది ఒకటే: ‘‘మీ ఊరి కోర్టు నన్నేం చేస్తుంది?’’

లాయరమ్మ ముందుగా అడిగింది: ‘‘కొట్టింది ఎక్కడమ్మా? డబ్బు అడిగింది ఎక్కడ?’’

ఎందుకంటే, భారత పౌరుడు విదేశంలో చేసిన నేరానికి ఇక్కడ కేసు పెట్టవచ్చు గాని, విచారణ సాగాలంటే కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. బోట్స్వానా వెళ్లిన ఒక తెలుగు జంట కేసులో 2011లో సుప్రీంకోర్టు ఈ సంగతే చెప్పింది. ఇక్కడ జరిగిన నేరానికి ఆ అనుమతి అక్కర్లేదు. నాన్నను డబ్బు అడిగింది మా వసారాలోనే! అదే మాకు ఆసరా అయింది. ఆడపిల్ల పుట్టింట తలదాచుకున్న ఊళ్లోనే వేధింపుల కేసు పెట్టుకోవచ్చని 2019 ఏప్రిల్‌లో వచ్చిన సుప్రీంకోర్టు తీర్పూ కలిసొచ్చింది.

కాగితం ప్రయాణం

సమన్లు పోస్టులో వేసేస్తారనుకున్నాను. కాదట. క్రిమినల్ కేసుల్లో దేశాలు ఒకదానికొకటి సాయపడటానికి ఒప్పందాలున్నాయి. అమెరికాతో మన ఒప్పందం మీద 2001లో సంతకాలయ్యాయి, 2005లో అమల్లోకి వచ్చింది. మనవైపు ఈ పని చూసేది ఢిల్లీలోని కేంద్ర హోంశాఖ, అటువైపు అమెరికా న్యాయశాఖ. కాగితం మా ఊరి కోర్టు నుంచి ఢిల్లీకి, అక్కణ్నుంచి అమెరికాకు, ఆపైన అతని గడపకు వెళ్లాలి. అందిందో లేదో మళ్లీ ఆ దారినే కబురు రావాలి. అందుకే వాయిదా తేదీ కొన్ని నెలల గడువుతో వేయించుకోవాలి. పేరు, చిరునామా పూర్తిగా ఉండాలి. పోస్టుబాక్సు నంబరు పనికిరాదు. తెలుగు కాగితాలకు ఇంగ్లీషు అనువాదం జతచేయాలి. 2024 జూలై 1 నుంచి కొత్త క్రిమినల్ చట్టాలు వచ్చినా, ఈ ఏర్పాటు కొనసాగుతూనే ఉంది.

మేం తప్పు చేసింది చిరునామా దగ్గరే. చెల్లి కాపురమున్న అపార్ట్‌మెంటుదే ఇచ్చాం. ఏడు నెలలకు ‘ఈ చిరునామాలో లేరు’ అని తిరిగొచ్చింది. ఆ రోజు చెల్లి అన్నం ముట్టలేదు. మర్నాడు తనే తేరుకుని, అక్కడ పక్క ఫ్లాటులో ఉండిన తెలుగావిడకు ఫోన్ చేసి, అతను మారిన ఇల్లు కనుక్కుంది. రెండోసారి సమన్లు బయల్దేరాయి.

మరి అరెస్టు?

అది ఈ దారిన అయ్యే పని కాదు. మనిషిని అప్పగించమని అడగడానికి వేరే ఒప్పందం ఉంది, విదేశాంగశాఖ చూస్తుంది. అమెరికాతో అది 1999 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం, చేసిన పని రెండు దేశాల్లోనూ ఏడాదికి మించి శిక్ష పడగల నేరమై ఉండాలి. కొట్టడం అక్కడా నేరమే. కట్నం వేధింపు అనే పేరుతో అక్కడ నేరమే లేదు. ‘‘రప్పించడం చాలా కష్టమమ్మా’’ అని లాయరమ్మ మొహమాటం లేకుండా చెప్పేసింది.

అలాగని సమన్లు అందడం చిన్న విషయమేం కాదు. అందాక కూడా రాకపోతే కోర్టు వారెంటు ఇవ్వవచ్చు. అతనిది భారత పాస్‌పోర్టే అయితే, వారెంటు చూపి దాన్ని స్వాధీనం చేసుకోమని పాస్‌పోర్టు అధికారిని కోరవచ్చు. కాగితం చేతికి అందనంతకాలం ‘నాకు తెలియదు’ అని తప్పించుకుంటాడు. అందాక ఆ మాట చెల్లదు.

2022 చివర్లో కబురొచ్చింది, అందిందని. తర్వాతి వాయిదాకు అతని తరఫున లాయరు వచ్చాడు. కేసు ఇంకా నడుస్తోంది. మనిషి రాలేదు. కానీ ‘మీ ఊరి కోర్టు నన్నేం చేస్తుంది’ అన్నవాడు ఆ కోర్టుకే జవాబు చెప్పుకోవలసి వచ్చింది.

మీ అమ్మాయిని విదేశాలకు పంపుతున్నారా? అల్లుడి పాస్‌పోర్టు, వీసా కాపీలు, ఆఫీసు చిరునామా, పెళ్లి రిజిస్ట్రేషన్ పత్రం ఒక ఫైల్లో పెట్టి మీ దగ్గరుంచుకోండి. అది అనుమానం కాదు, జాగ్రత్త. కష్టమొస్తే జాతీయ మహిళా కమిషన్‌లో ప్రవాసుల పెళ్లిళ్ల ఫిర్యాదులకు ప్రత్యేక విభాగం ఉంది.

మొన్న మా పక్కింటి పిల్ల అమెరికా కాపురానికి వెళ్తుంటే చెల్లి పసుపు కుంకుమలతో పాటు వాళ్లమ్మ చేతిలో ఓ చిన్న నోటుబుక్కు పెట్టింది. ‘‘ఇల్లు మారినప్పుడల్లా అమ్మాయినడిగి ఇందులో రాసుకోండి పిన్నిగారూ’’ అంది.