‘అన్నారు’ – ‘అన్నాడు’

మొగుళ్లపల్లిలో సాయంకాలం పూట ఏదైనా టీ హోటల్లో కూర్చుంటే లోకవార్తలకు లోటుండదు. గోడమీద టీవీ, బల్లమీద పదిచేతుల్లో నలిగిన దినపత్రిక. క్రిందటేడు పత్తి ఏరే రోజుల్లో నేనక్కడ వుండగా పత్తి కొనుగోళ్ల వార్త వచ్చింది. మిల్లు గేటు ముందు బారులు తీరిన ట్రాక్టర్లు, తల పట్టుకు కూర్చున్న రైతు. హోటలాయన మీట నొక్కి చానలు మార్చాడు. అక్కడా అదే మిల్లు, అదే రోజు. కాని యీసారి కాంటాకు పూలదండ, పక్కన చిరునవ్వుతో ఒక నాయకుడు. నా ఎదుటి పెద్దాయన గ్లాసు కింద పెట్టి, “సారూ, ఇండ్ల అబద్ధం చెప్పింది ఎవలు?” అని అడిగాడు.

ఎవరూ అబద్ధం చెప్పలేదు. చిక్కంతా అక్కడే వున్నది. ట్రాక్టర్లూ నిజమే, పూలదండా నిజమే. కెమెరా ఎటు తిరిగిందన్న దాంట్లోనే పక్షపాతమంతా దాగింది. అబద్ధమైతే ఏదో ఒకనాడు పట్టుబడుతుంది. సగం నిజాన్ని పట్టుకోవడం ఎట్లా?

తెలుగు చెప్పుకొని బ్రతికేవాణ్ని కనుక నా చూపు ముందుగా క్రియాపదం మీద పడుతుంది. ఒక నాయకుడు శాసనసభలో నాలుగు మాటలు మాట్లాడతాడు. మరునాడు ఒక పత్రికలో ఆయన ‘స్పష్టం చేశారు’, ఇంకొకదానిలో ‘చెప్పుకొచ్చారు’, మూడోదానిలో ‘బుకాయించారు’. మొదటి విలేకరి ఆ మాటకు పూచీ పడ్డాడు. రెండో ఆయన పెదవి విరిచాడు. మూడో ఆయన తీర్పే చెప్పేశాడు. తన అభిప్రాయమంటూ ఎవరూ ఒక్క ముక్క రాయలేదు సుమండీ! పాఠకుడు మాత్రం మూడు వేర్వేరు మనుషులను చూశాడు. ఇక శీర్షికల్లో ప్రశ్నార్థకం సంగతి మీకు తెలియనిదేముంది? ‘కోట్లు మింగారా?’ అని అడుగుతారు. చేతిలో ఆధారముంటే ‘మింగారు’ అనే రాసేవారు గదా. లేదు కనుకనే చివర ఆ కొక్కెం తగిలించారు.

అంతకంటే సన్ననిది మరొకటి వుంది. మంత్రిగారు ‘కన్నుమూశారు’. రైతు ‘మృతి చెందాడు’. కూలికి పోయిన తల్లి ‘మృతి చెందింది’. ఈ విషయంలో మాత్రం అన్ని పక్షాల పత్రికలూ ఒక్కటే.

ఎవరిని చూడాలి, ఎవరి మాటను లెక్కపెట్టాలి అన్న తగాదా తెలంగాణానికి కొత్తది కాదు. నైజాం రాజ్యంలో తెలుగు కవులే లేరన్న మాట ఒకటి ఆనాడు పుట్టింది. 1926లో గోలకొండ పత్రికను స్థాపించిన సురవరం ప్రతాపరెడ్డిగారు ఆ మాటతో వాదులాడి వూరుకోక కవుల వివరాలు సేకరించి, 354 మందితో 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ అచ్చువేశారు. ‘లేరు’ అన్నవారిది దురుద్దేశమే కానక్కరలేదు. తొంగిచూడనివాడికి లేనట్టే తోస్తుంది.

సరిగ్గా ఎనభై యేళ్లకు, 2014లో, ఆ తగాదా టీవీ తెరకెక్కింది. కొత్త రాష్ట్రపు శాసనసభ్యుల ప్రమాణస్వీకారం మీద టీవీ9 ఒక వ్యంగ్య కార్యక్రమం వేసింది. మన మాటనూ మన మనిషినీ ఎకసక్కెం చేశారని ఇక్కడివారు కోపగించారు. ఆ జూన్‌లోనే కేబుల్ ఆపరేటర్లు టీవీ9, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి ప్రసారాలను ఆపివేశారు. సెప్టెంబరు 9న వరంగల్లులో కాళోజీ శతజయంతి సభలో అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావుగారు అటువంటి చానళ్లను చాలా కఠినంగా హెచ్చరించారు. మన మాటను వెక్కిరిస్తే నాకూ మండుతుంది. సినిమాల్లో ఎన్నాళ్లు చూడలేదు! అయినా చానలు ఆపడం నాకు నచ్చలేదు. వెక్కిరించే గొంతుతో పాటు, ఆ గొంతు ఎప్పుడైనా చెప్పే నిజం కూడా పోయింది. పైగా, తెరమీద లేనిదాన్ని వంకరో తిన్ననో ఎవరు పరీక్షిస్తారు?

ఎవరి పత్రిక ఎవరిదో మా వూళ్లో పిల్లవాణ్నడిగినా చెబుతాడు. 2008లో వచ్చిన ‘సాక్షి’ జగన్మోహనరెడ్డిగారు స్థాపించినది. 2011లో వచ్చిన ‘నమస్తే తెలంగాణ’ తెరాస పక్షాన నిలిచినది. అది తెలిస్తే చాలుననుకుంటారు. నేనూ అలాగే అనుకునేవాణ్ని, మిరప విత్తనాల సంగతి జరిగేవరకు. నాకు తెలిసిన ఒక రైతు నకిలీ విత్తనాల పొట్లాలు పట్టుబడ్డాయన్న వార్త టీవీలో స్వయంగా చూశాడు. “అది వాళ్ల టీవీ, అట్లనే చెప్తది” అని తీసిపారేశాడు. అవే పొట్లాలు తెచ్చి నారు పోశాడు. చెట్లు నడుమెత్తు పెరిగాయి, కాయ పడలేదు. అప్పు మాత్రం మిగిలింది. టీవీ ఎవరిదో అతనికి బాగా తెలుసు. ఆ వార్తలో పట్టుబడిన చోటు, పొట్లం మీది పేరు, అధికారి మాట అన్నీ వున్నాయి. వాటిని అతను వినలేదు.

అప్పటినుంచి నా తరగతిలో ఒక పని పెట్టాను. ఒకే సంఘటనపై మూడు పత్రికల వార్తలు తెస్తాను. పిల్లలు ముందు క్రియాపదాల కింద గీత గీస్తారు. తరువాత పేరు, చోటు, తేదీ, అంకె, ఇవి మాత్రమే వేరే కాగితం మీదికి ఎక్కిస్తారు. ఒక్కొక్కసారి అరపేజీ వార్తకు రెండు పంక్తులే మిగులుతాయి. వార్తలో ఎవరి గొంతు లేదో చివర రాయమంటాను. పత్తి కొనుగోళ్ల వార్తల్లో కూలీల గొంతు ఒక్కసారీ దొరకలేదు.

ఈ వ్యాసం చిత్తుప్రతిని మొన్న ఒక విద్యార్థిని చదివింది. నా ఎదుటే పెన్ను తీసి రెండుచోట్ల గీత గీసింది. “సార్, ముఖ్యమంత్రి హెచ్చరించారు అని రాసిన్రు. టీ హోటల్ల పెద్దాయన మీకంటె పెద్దోడు గదా, ఆయన ఎందుకు సార్ ‘అడిగాడు’?”

దిద్దుదామని కలం తీశాను. మళ్లీ ఆలోచించి, అలాగే వుంచి పంపుతున్నాను.